తాళి కట్టాక వినిపించే గట్టిమేళం

పాత పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఇప్పుడు చాలా ఇళ్లలో సాగుతోంది. వీసీఆర్‌కు ఓ యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం తగిలిస్తే చాలు, ఫైల్ తయారవుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచాకే చిక్కులు బయటపడతాయి. మొదట్లో అంతా సరిగానే ఉంటుంది. గంట గడిచి ముహూర్తం వచ్చేసరికి మాత్రం తాళి కట్టడం అయిపోయాక గట్టిమేళం మోగుతుంది! అందరూ సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటారు గానీ, లోపం చాలాసార్లు ఫైల్‌లోనే ఉంటుంది.

దీనికి మూలం కాలాన్ని లెక్కించే తీరులో ఉంది. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో వీడియోకు సెకనుకు 25 ఫ్రేములు, అంటే గంటకు 90,000. ధ్వనిని సాధారణంగా సెకనుకు 48,000 నమూనాలుగా విడిగా నమోదు చేస్తారు. రెండింటినీ ఒకే గడియారం నడిపిస్తే గొడవ లేదు. దృశ్యాన్ని యూఎస్‌బీ పరికరం, ధ్వనిని కంప్యూటర్ సౌండ్ కార్డు తీసుకుంటే రెండు గడియారాలవుతాయి. వాటి మధ్య 0.1 శాతం తేడా ఉన్నా గంటకు 3.6 సెకన్లు తప్పుతుంది.

కాబట్టి ముందు కొలవండి. డోలు మీద పుల్ల పడే దృశ్యం ఇందుకు భేషుగ్గా పనికొస్తుంది. ఫైల్ మొదట్లో, మధ్యలో, చివర్లో దెబ్బ కనిపించడానికీ వినిపించడానికీ మధ్య ఎన్ని ఫ్రేముల తేడా ఉందో రాసుకోండి. మూడు చోట్లా ఒకే తేడా ఉంటే ఆడియో ట్రాక్‌ను జరిపితే సరిపోతుంది. తేడా సమానంగా పెరుగుతూ పోతే ఆడియో నిడివిని ఆ నిష్పత్తిలో కుదించాలి. ఉన్నట్టుండి గెంతితే ఫ్రేములు జారిపోయాయన్న మాట. అరిగిన టేపులో సింక్ సంకేతం బలహీనపడిన చోట పరికరం కొన్ని ఫ్రేములను వదిలేస్తుంది. 50 ఫ్రేములు పోతే ధ్వని 2 సెకన్లు వెనకబడుతుంది. దీనికి కుదింపు పనిచేయదు. గెంతిన ప్రతిచోటా కత్తిరించి సరిచూడాలి, లేదా టైమ్ బేస్ కరెక్టర్ పెట్టి మళ్లీ క్యాప్చర్ చేయాలి. నా ఓటు రెండో దానికే, టేపు ఇంకా బాగుంటే.

ఇంకో అనుమానం ఫ్రేమ్ రేటు మీద. ఉచితంగా దొరికే మీడియాఇన్ఫోలో ఫైల్ తెరిస్తే అది స్థిరమో, మారుతూ ఉందో తెలుస్తుంది. మారుతూ ఉంటే హ్యాండ్‌బ్రేక్‌లో స్థిరమైన 25కు మార్చి, ఆ తర్వాతే ఎడిటింగ్ మొదలుపెట్టండి.

కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తే అది టేపు లోపం కాదు. పాల్‌లో ఒక్కో ఫ్రేమ్‌లో రెండు ఫీల్డులుంటాయి, వాటి మధ్య వ్యవధి సెకనులో 50వ వంతు. డీఇంటర్‌లేస్ చేస్తే పళ్లు పోతాయి. అప్పుడు కదలిక ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఫీల్డుల వరుస తారుమారైనట్టు. సెట్టింగులో రెండో వరుస ఎంచుకోండి.

క్యాప్చర్ సుమారు 20 నిమిషాలకే ఆగిపోతోందా? డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉందేమో చూడండి. అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటదు, డీవీ వీడియో గంటకు దాదాపు 13 జీబీ.

మళ్లీ క్యాప్చర్ చేసే ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపును చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టవద్దు. బూజు హెడ్లకు అంటుకుని మిగతా క్యాసెట్లకూ పాకుతుంది. శుభ్రం చేసే పని తెలిసినవారికే ఇవ్వండి. ఈలోగా మొదటి ఫైల్‌ను, ధ్వని తప్పినదైనా సరే, చెరపకుండా ఇంకో డిస్కులో ఉంచండి.