మీకు తెలుసా? నాలుగు తరాల కథ రాసింది పాతికేళ్ల యువకుడు!

జర్మనీలోని లూబెక్ నగరం. నాలుగు తరాల ధాన్యం వ్యాపారుల కుటుంబ కథ ‘బుడెన్‌బ్రూక్స్’ 1901లో వెలువడేనాటికి థామస్ మన్‌కు 26 ఏళ్లే. ఆయన పుట్టిందీ ఆ ఊళ్లో, అలాంటి ఇంట్లోనే. నవలను సగానికి తగ్గించమని ప్రచురణకర్త అడిగినా ఒప్పుకోలేదు. ఎంత మంచి పని చేశాడో!

లేకపోతే నవలలోని ఆ ఇంటి అమ్మాయి టోనీ మనకు ఇంత దగ్గరయ్యేదా? వైద్య విద్యార్థి మోర్టెన్‌ను మనసారా ప్రేమించి, ఇంటి పరువు కోసం వదులుకుంటుంది. వేరొకరితో తన నిశ్చితార్థాన్ని వంశచరిత్ర పుస్తకంలో తన చేత్తోనే రాస్తుంది. రెండు పెళ్లిళ్లూ చెడిపోయినా తల దించదు. తేనె గురించి మోర్టెన్ చెప్పిన చిన్న మాటను మాత్రం ఏళ్ల తరబడి అందరికీ చెబుతూనే ఉంటుంది.

1929లో మన్‌కు నోబెల్ బహుమతి ప్రధానంగా ఈ నవలకే వచ్చింది.