రెండు నెలలు నిలిచిన బండి ఎందుకు మొరాయిస్తుంది?

బిష్టుపూర్ (జంషెడ్‌పూర్): వేసవిలో స్వగ్రామానికి వెళ్లి వచ్చిన ఉక్కు కార్మికుడు ఉదయం 6 గంటల షిఫ్టుకు బయలుదేరుతూ మోటారు సైకిలు తాళం తిప్పుతాడు. సెల్ఫ్ నొక్కితే టిక్కుటిక్కుమనే శబ్దం తప్ప మరేమీ వినిపించదు. పదిసార్లు కిక్కు కొడితే ఇంజను ఒక్క క్షణం మేలుకుని మళ్లీ ఆగిపోతుంది. రెండు నెలల క్రితం నిక్షేపంలా నడిచిన బండి, ఒక్క కిలోమీటరైనా తిరగకుండానే ఎలా పాడయిందో అతనికి అంతుపట్టదు. షిఫ్టుకు ఆలస్యమవుతుందన్న ఆందోళన ఒకవైపు, మెకానిక్ ఎంత ఖర్చు చూపిస్తాడోనన్న బెంగ మరొకవైపు.

నిజానికి ఇటువంటి సందర్భాల్లో ఇంజను చెడిపోవడం అరుదు. బండి కదలకపోయినా దానిలోని రెండు వస్తువులు మాత్రం యథాతథంగా ఉండవు. ట్యాంకులోని పెట్రోలు పాతబడుతుంది. బ్యాటరీ తనంతట తానే చార్జిని కోల్పోతుంది. ఈ రెండింటినీ ముందుగా పరిశీలించి, ఆ తర్వాతే మిగతా భాగాల జోలికి వెళితే చాలా సందర్భాల్లో వందల రూపాయలతో పోయే పని వేలకు పెరగకుండా ఉంటుంది.

ఉక్కు నగరంలో తుప్పు బెడద

టాటా ఇనుము, ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడగా, సాక్చి గ్రామం వద్ద నిర్మించిన కర్మాగారంలో 1912లో ఉక్కు ఉత్పత్తి ప్రారంభమయింది. ఈ ప్రాంతానికి 1919లో జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కర్మాగారంలో ఉద్యోగాల కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తుగా నిలుస్తోంది. పెళ్లిళ్లకు, సెలవులకు స్వగ్రామాలకు వెళ్లే ఈ కుటుంబాల ఇళ్లలో మోటారు సైకిళ్లు వారాల తరబడి నిలిచిపోవడం మామూలే.

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల మధ్య ఉన్న ఈ నగరంలో జూన్ మధ్య నుంచి గాలిలో తేమ బాగా పెరుగుతుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి పగటి వేడికి, రాత్రి చల్లదనానికి గాలి వచ్చిపోతూ తేమను వెంట తెస్తుంది. అది లోపలి గోడలపై నీటి బిందువులుగా పేరుకుంటుంది. ట్యాంకు కూడా ఉక్కు రేకుతో చేసినదే కాబట్టి తుప్పు పట్టక మానదు. ఆ తుప్పు రజను పెట్రోలుతో పాటు దిగువకు జారి సన్నని దారులను మూసివేస్తుంది.

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ అమలులోకి వచ్చినప్పుడు ఈ సమస్య ఒక్కసారిగా అందరి అనుభవంలోకి వచ్చింది. వారాల తరబడి ఇళ్ల ముందు నిలిచిన వాహనాలు ఆంక్షలు సడలిన రోజున కదలడానికి నిరాకరించాయి. అప్పటి నుంచి ఇప్పటికి ఇంధనంలోనూ, ఇంజనులోనూ ముఖ్యమైన మార్పులు చోటుచేసుకోవడం గమనార్హం.

పెట్రోలుకూ వయసుంది

పెట్రోలు ఒకే పదార్థం కాదు. తేలికగా ఆవిరయ్యేవి, ఆలస్యంగా ఆవిరయ్యేవి అయిన అనేక రసాయనాల మిశ్రమం. చల్లని ఇంజను తొలి కిక్కుకే అందుకోవడానికి తోడ్పడేవి ఆ తేలిక భాగాలే. నిలవ ఉన్నకొద్దీ ముందుగా ఎగిరిపోయేవీ అవే. మిగిలిన పెట్రోలు గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి క్రమేణా బంకగా మారుతుంది. సీసాలో పోసి చూస్తే రంగు ముదిరి, వార్నిష్ వంటి పుల్లని వాసన వస్తే ఆ పెట్రోలు పనికిరాదని గ్రహించాలి.

దీనికి తోడు నేటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది. ఈ పథకం 2003లో కొన్ని రాష్ట్రాల్లో 5 శాతం మిశ్రమంతో ఆరంభమయింది. 10 శాతం లక్ష్యాన్ని దేశం 2022 జూన్‌లో చేరుకుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును ప్రధాని నరేంద్ర మోదీ 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ఆవిష్కరించారు. తొలుత 2030కి నిర్దేశించిన 20 శాతం లక్ష్యం 2025లోనే నెరవేరింది. ముడిచమురు దిగుమతుల భారాన్ని తగ్గించడం, చెరకు, ధాన్యం రైతులకు అదనపు మార్కెట్టు కల్పించడం ఈ విధానం ఉద్దేశాలు.

రోజూ తిరిగే బండికి ఈ మిశ్రమం వల్ల నిలవ సమస్య రాదు. నిలిచిపోయిన బండి సంగతి వేరు. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. కొంతవరకు ఆ నీరు పెట్రోలులోనే కలిసి ఉంటుంది. హద్దు మించితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంజనుకు ఇంధనం అందేది కూడా అడుగు నుంచే. అప్పుడు ఎన్ని కిక్కులు కొట్టినా అందేది మండని నీళ్ల మిశ్రమమే. పాత బండ్లలోని కొన్ని రబ్బరు గొట్టాలు, వాషర్లు సైతం ఇథనాల్ వల్ల ఉబ్బి, పగిలే అవకాశం ఉంది.

పరీక్షకు ఒక వరస

బండి కదలనప్పుడు చిన్న విషయాల నుంచి పెద్ద విషయాలకు వెళ్లడం మంచి పద్ధతి. హ్యాండిల్ మీద ఉండే ఇంజను ఆపు స్విచ్ సరైన స్థానంలో ఉన్నదీ లేనిదీ ముందు చూడాలి. పిల్లలు ఆడుకుంటూ దాన్ని నొక్కి ఉండవచ్చు. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. సైడ్ స్టాండు దించి ఉంటే స్టార్టు కాని మోడళ్లు నేడు అనేకం. పాత బండ్లలో పెట్రోలు ట్యాప్ తెరిచి ఉన్నదో లేదో చూసుకోవాలి. దీనికి పట్టేది ఒక్క నిమిషమే.

తర్వాత బ్యాటరీ. పూర్తి చార్జి ఉన్న 12 వోల్టుల బ్యాటరీ, బండి ఆపి ఉన్నప్పుడు మీటరుపై 12.6 నుంచి 12.8 వోల్టులు చూపుతుంది. 12.4 కంటే తగ్గితే చార్జింగ్ అవసరం. 12 దగ్గర ఉంటే దాదాపు ఖాళీ అయినట్లే. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 వోల్టుల కంటే బాగా దిగువకు పడిపోతే బ్యాటరీ బలహీనపడినట్లు భావించాలి. మీటరు లేనివారికి హారనే మీటరు. దాని గొంతు పీలగా వినిపించినా, సెల్ఫ్ నొక్కగానే లైటు వెలుగు పూర్తిగా తగ్గిపోయినా తప్పు బ్యాటరీదే. ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి తిరిగి చార్జి తీసుకోదు. అందువల్ల కొత్తది కొనే ముందు నెమ్మదిగా చార్జి చేయించి చూడటం, తీగల చివరల్లో పేరుకున్న తెల్లని పొడిని శుభ్రపరచడం మేలు.

బ్యాటరీ బాగుండి, ఇంజను తిరుగుతూ కూడా అందుకోకపోతే స్పార్క్ ప్లగ్గు సాక్ష్యం చెబుతుంది. నాలుగైదు కిక్కులు కొట్టాక ప్లగ్గు విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదు. తడిసి ఉంటే పెట్రోలు అందుతున్నా మండటం లేదు. మొదటి సందర్భంలో ట్యాప్, గొట్టం, కార్బురేటరు వైపు చూడాలి. రెండవ సందర్భంలో ప్లగ్గును ఆరబెట్టి శుభ్రపరచాలి, లేదా కొత్తది బిగించాలి. అయినా ఫలితం లేకపోతే పెట్రోలు పాతబడిందని అనుమానించవలసిందే.

ఎక్కువమందిని తికమక పెట్టేది మరొక లక్షణం. చోక్ లాగితే ఇంజను నడుస్తుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. యాక్సిలేటరు పట్టుకుంటే మోగుతుంది, వదిలితే చల్లబడుతుంది. కార్బురేటరులోని పైలట్ జెట్ మూసుకుపోయిందనడానికి ఇది బలమైన సూచన. ఐడిలింగ్‌లో పెట్రోలు అందించే ఈ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటుంది. కార్బురేటరు అడుగు పాత్రలో మిగిలిన కాసిని పెట్రోలు బంకగా మారితే ముందుగా మూసుకునేది అదే. పాత్ర అడుగున ఉండే స్క్రూను వదులు చేసి పాత పెట్రోలు దించి, కొత్త పెట్రోలు పంపితే కొన్నిసార్లు సరిపోతుంది. లేకుంటే కార్బురేటరు విప్పి శుభ్రం చేయించాలి. దాన్ని మార్చవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

కొత్త బండ్ల తీరు వేరు

2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో చాలా మోడళ్లలో కార్బురేటరు స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. వీటికి చోక్ ఉండదు. తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు రెండు మూడు సెకన్లు సన్నగా రొద చేస్తుంది. ఆ శబ్దం వినిపించకపోతే బ్యాటరీని, ఫ్యూజును, పంపును వరుసగా పరీక్షించాలి. ఇంజను నడుస్తుండగా హెచ్చరిక దీపం ఆరకుండా వెలుగుతుంటే సర్వీసు కేంద్రంలో చూపించడమే మార్గం.

బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయిన ఇంజెక్షన్ బండిని ఎంత దూరం తోసినా ప్రయోజనం ఉండదు. పంపుకు, కంప్యూటరుకు కరెంటు అందనిదే ఇంజను మేలుకోదు. అరకొర చార్జితో పదేపదే ప్రయత్నిస్తే మండని పెట్రోలు సైలెన్సరులోకి చేరి, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టరు దెబ్బతినవచ్చు. సెల్ఫ్‌ను కూడా ఐదారు సెకన్లకు మించి ఏకబిగిన నొక్కరాదు.

గాలి వచ్చిపోయే దారులను కూడా మరువరాదు. ఎయిర్ ఫిల్టరు పెట్టెలో ఎలుకలు గూడు కట్టడం, వైర్లు కొరకడం నిలిచిన బండ్లలో తరచుగా జరిగేదే. సైలెన్సరు గొట్టంలో కందిరీగలు మట్టి గూళ్లు పెట్టిన ఉదంతాలూ ఉన్నాయి. క్లచ్ పలకలు ఒకదానికొకటి అంటుకుని ఉండవచ్చు. అందుకే తొలిసారి గేరులో ఉంచి స్టార్టు చేయరాదు. ఇంజను అందుకున్నా టైర్లలో గాలి, బ్రేకులు, గొలుసు చూసుకోకుండా రోడ్డు మీదికి రావడం ప్రమాదకరం.

పెట్రోలు దించే పని ఆరుబయటే చేయాలి. దరిదాపుల్లో బీడీ, పొయ్యి ఉండరాదు. తలుపులు మూసిన గదిలో ఇంజను నడిపితే వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం.

కాగితాలకూ గడువుంది

బండి నిలిచి ఉన్న కాలంలో కాగితాల గడువు మాత్రం నిలవదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనం నడపడం నేరం. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణల ప్రకారం మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చు. కొవిడ్ కాలంలో కేంద్రం వాహన పత్రాల గడువును పలుమార్లు పొడిగించింది. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. కాలుష్య ధ్రువపత్రం విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

వెళ్లే ముందు పావుగంట

ఊరికి బయలుదేరే ముందు వెచ్చించే పావుగంట, వచ్చాక ఒక రోజు సెలవును మిగులుస్తుంది. ట్యాంకును తాజా పెట్రోలుతో నిండుగా ఉంచితే లోపల గాలికి, తేమకు చోటు తగ్గుతుంది. కార్బురేటరు బండ్లలో ట్యాప్ మూసి, ఇంజను దానంతట అది ఆగేవరకు నడిపితే పాత్రలో బంక పేరుకోదు. బ్యాటరీ నెగెటివ్ తీగను తీసివేస్తే చార్జి నెమ్మదిగా తగ్గుతుంది. సైలెన్సరు చల్లారాక మూతిని గుడ్డతో మూసి, వచ్చాక తీయడం మరువరాదు. బండిపై కప్పే గుడ్డ గాలి ఆడేదిగా ఉండాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే ఉండి తుప్పుకు దోహదం చేస్తుంది.

ఇంట్లో ఉన్నవారు వారానికోసారి రెండు నిమిషాలు స్టార్టు చేసి ఆపితే చాలునన్న అభిప్రాయం విస్తృతంగా ఉంది. అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. స్టార్టు చేయడానికి ఖర్చయిన చార్జి అంత తక్కువ సమయంలో తిరిగి రాదు. ఇంజను వేడెక్కకముందే ఆపడం వల్ల సైలెన్సరులో, ఆయిల్‌లో నీరు మిగిలిపోతుంది. నడిపితే కనీసం ఇరవై నిమిషాలు రోడ్డు మీద తిప్పాలి. లేదా కదపకుండా వదిలేయాలి.

మోటారు సైకిలు మీద జీవనం ఆధారపడిన కుటుంబాలకు ఇవి చిన్న విషయాలు కావు. బండి కదలని రోజున షిఫ్టు పోతుంది, ఆటో ఖర్చు పెరుగుతుంది, తొందరలో అనవసరమైన భాగాలు మార్పించడమూ జరుగుతుంది. తాజా పెట్రోలు, చార్జి ఉన్న బ్యాటరీ, శుభ్రమైన ప్లగ్గు. మెకానిక్ వద్దకు తోసుకుపోయే ముందు ఈ మూడింటినీ చూసుకుంటే, మరునాటి ఉదయం షిఫ్టుకు సకాలంలో చేరే అవకాశం మెండుగా ఉంటుంది.