శ్రవణగ్రంథములు – కూనపులివారి మార్కండేయ పురాణము

కన్నులతో చదువుటకు గాక చెవులతో వినుటకై సిద్ధపఱచిన గ్రంథమును నేడు ఆడియో బుక్కని వ్యవహరించుచున్నారు. ఇది నవీనమని పలువురి తలంపు. యంత్రము నవీనమే కాని, వినికిడి పురాణము మనకు నవీనము కాదు.

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములందలి పద్మశాలీలకు మార్కండేయ పురాణము కులపురాణము. అష్టాదశ పురాణములలో చేరిన మార్కండేయము వేఱు, ఇది వేఱు. దీనిని చెప్పువారు పద్మశాలీల నాశ్రయించిన కూనపులివారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డకు చింతగింజల జిగురును సుద్దను పట్టించి వ్రాసిన పొడవాటి పటమును విప్పుచు, బొమ్మ వెంట బొమ్మను చూపుచు వీరు కథ నడపుదురు.

కథానాయకుడు బాలుడు. మృకండుని తనయుడు పదునాఱేండ్ల యాయువుతో జన్మించి, శివలింగమును కౌగిలించుకొని యముని గెలిచినాడు. అతని యజ్ఞమున భావనాఋషి యుద్భవించి, తామరతూటి నూలుతో దేవతలకు వస్త్రములు నేసెను; పులిని వాహనముగా గొనెను; సూర్యపుత్రిక భద్రావతిని పెండ్లాడెను. వారి నూటొక్క కుమారులనుండి నూటొక్క గోత్రములు వెలసెనని ప్రతీతి. యౌవనమున నడుగిడువారి కింతకంటె రుచించు నద్భుతకథ యేది?

ఈ సీమ నేతగాండ్రు షోలాపురము, భివండి, సూరత్తులకు వలసపోయిరి. పురాణమును వారి వెంట నడచినది. శ్రావణపూర్ణిమనాడు షోలాపురమున మార్కండేయుని రథోత్సవము నేటికిని జరుగుచున్నది. అయితే ఉత్సవము నిలిచినంత మాత్రమున కథ నిలిచినట్లు కాదు.

వలసపోయిన కథ కంఠమున నెట్లు బ్రతుకునో తెలియుటకు కరీబియన్ ద్వీపములను చూడవచ్చును. పశ్చిమాఫ్రికాలోని అకాన్ జాతివారు బానిసలుగా కొనిపోబడినపుడు అనాన్సి యను సాలెపురుగు కథలు వారి నోటనే జమైకా చేరినవి. ట్రినిడాడున జన్మించిన ట్రేసీ బాప్టిస్ట్ అను రచయిత్రి, ఆ దీవుల భూతకథల నాధారము చేసికొని 2015లో ‘ది జంబీస్’ అను బాలల నవలను వెలువరించెను. అట్టి కథలు శ్రవణగ్రంథములై దేశాంతరమున పుట్టిన పిల్లలకును తాతల మాటను వినిపించుచున్నవి.

మన పురాణమునకు నిట్టి మార్గము తగినదే. కాని సంగ్రహమున ప్రమాదము కలదు. యముని ఘట్టము సర్వజనవిదితము. దానినొక్కదానినే గ్రహించి తామరనూలును, గోత్రావళిని విడిచినచో, భివండిలోని బాలునికి లోకమెఱిగిన కథయే దక్కును గాని తన కథ దక్కదు. కావున పురాణమును సాంతముగా పట్టవలయును. పటములోని బొమ్మల వరుసను వాక్కుతో తెలుపవలయును, లేనిచో వినువారికి సగము కథ కానరాదు. కథకునకు తగిన సంభావన ముట్టవలయును. అన్నిటికంటె ముఖ్యము, అతని పలుకును మనబోటి పండితులు దిద్దరాదు. మనకు తప్పుగా తోచు రూపమే ఆ సీమ నుడికి సాక్ష్యము కావచ్చును. దిద్దిన గ్రంథములు మనకు కొఱవడలేదు. కొఱవడినది దిద్దని కంఠస్వరము.