కాఫీ అంగడి, గిరాకీల మాట



మా వీధి మలుపులో ఒక కాఫీ అంగడి ఉంది. నాలుగు బల్లలు, ఒక గల్లాపెట్టె, ఇత్తడి బాయిలరు, దాని వెనక మాస్టరు. ఆ అంగడిని గురించి ఒకే రోజు మూడు మాటలు విన్నాను. తెల్లవారుజామున పాలకేను సైకిలుకు కట్టుకొని వచ్చినాయన "కాఫీ అంటే ఇక్కడే తాగాల" అన్నాడు. పదకొండు గంటలకు బ్యాంకు పని మీద వచ్చిన ఆమె "ఏముంది సార్, వేన్నీళ్లకు రంగేసినట్టుంది" అన్నది. సాయంకాలం బస్సు దిగిన కుర్రవాడు "పరవాలేదు, చక్కెరే ఎక్కువ" అన్నాడు.

ఈ మూడింటిలో ఏది నిజం అని అడిగితే, మూడూ నిజమే. ఎందుకంటే ఆ ముగ్గురూ తాగింది ఒకే కాఫీ కాదు.

ఫిల్టరు సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. పైగిన్నెలో పొడి వేసి, అదిమి, మరిగే నీళ్లు పోసి మూత పెడితే కిందిగిన్నెలోకి చుక్కచుక్కగా డికాషను దిగుతుంది. అలా మొదటిసారి దిగినదానిలోనే పొడిలోని సువాసన, సారం చాలావరకు వచ్చేస్తాయి. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే రంగు వస్తుంది, చేదు వస్తుంది, వాసన మాత్రం రాదు. ఇంట్లో రెండో డికాషను పనిమనిషికో, అనుకోకుండా వచ్చిన చుట్టానికో పోతుంది. (ఇది మంచి అలవాటని నేననడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను.) అంగడిలో అది పదకొండు గంటలకు వచ్చినవాళ్లకు పోతుంది. అయిదు గంటలకు దించిన డికాషను తొమ్మిదింటి రద్దీలో అయిపోయి ఉంటుంది. కొత్త పొడి వేయాలంటే మధ్యాహ్నం గిరాకీ లేదు. కాబట్టి పాలకేను ఆయన పొగడ్త, బ్యాంకు పని మీద వచ్చిన ఆమె తెగడ్త ఒకే గిన్నెలోంచి వచ్చినవే. మధ్యలో గడిచింది ఆరు గంటలు.

ఇక "స్ట్రాంగు" అనే మాట. మన గిరాకీలకు ఇష్టమైన మాట ఇది. "మాస్టర్, స్ట్రాంగుగా ఒకటి" అంటారు. వచ్చిన కాఫీ నల్లగా, చిక్కగా ఉంటే సంతోషపడతారు. అయితే ఆ నలుపు చాలాసార్లు కాఫీది కాదు, చికోరీది. చికోరీ కాఫీగింజ కాదు, ఒక మొక్క వేరు. గుజరాత్‌లోనూ ఉత్తరప్రదేశ్‌లోనూ పండిస్తారు. ఆ వేరును ముక్కలుగా కోసి, ఎండబెట్టి, వేయించి, పొడి కొడతారు. నీటిలో కరిగే పదార్థం దానిలో కాఫీలో కంటే ఎక్కువ. అందువల్ల డికాషను ముదురు రంగు తేలి చిక్కబడుతుంది. కానీ దానిలో కెఫీన్ లేదు. కాఫీ తాగితే నిద్రమత్తు వదలడానికి కారణం ఆ కెఫీనే. అంటే చికోరీ ఎక్కువైన కొద్దీ కాఫీ కంటికి స్ట్రాంగు, ఒంటికి వీకు.

చికోరీ కలపడం కల్తీ కాదు. చట్టం ఒప్పుకున్నదే. అయితే దానికొక హద్దు పెట్టింది. కాఫీ చికోరీ మిశ్రమం అని అమ్మే పొడిలో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గకూడదు. ఏది ఎంత పాలు ఉందో పొట్లం మీద అచ్చువేయాలి. మనలో ఎంతమంది ఆ అంకె చూస్తారు? కొట్టులో పొడి కొనేటప్పుడు ధర చూస్తాము, పేరు చూస్తాము. 53, 47 అని సన్నటి అక్షరాల్లో ఉన్నదాన్ని చూడము. మా స్కూల్లో పిల్లలకు శాతాలు చెప్పేటప్పుడు ఇంట్లోని కాఫీ పొట్లం తెమ్మన్నాను. తెచ్చినవాటిలో ఒకే కంపెనీవి రెండు రకాలు, రెండు వేరు వేరు పాళ్లతో ఉన్నాయి. లెక్క చప్పున అర్థమైంది. కాకపోతే ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురు తల్లులు "మేం ఇన్నాళ్లూ తాగింది సగం వేరా సార్?" అని అడిగారు. సగం వేరయినా నాలుకకు అదే అలవాటైపోయింది. వట్టి కాఫీ గింజల పొడితో కాచి ఇస్తే "ఇదేంది, పల్చగా పుల్లగా ఉంది" అనేవాళ్లు మన పక్క ఎక్కువ. అది తప్పేమీ కాదు. కానీ స్ట్రాంగు అని మెచ్చుకునేటప్పుడు మెచ్చుకుంటున్నది దేన్నో తెలిసి ఉండాలి కదా.

పొడి, పాలు సరిగా ఉన్నా రుచి చెడే మరో దారి ఉంది. అది నీళ్లు. ఉప్పుదేరిన, సున్నం ఎక్కువగా ఉన్న బోరునీళ్లతో కాచిన డికాషను చప్పగా ఉంటుంది. కాఫీలో సహజంగా ఉండే పులుపును ఆ నీటిలోని క్షారం చంపేస్తుంది. పాలారు ఒడ్డున ఉన్న మనకు ఇది ఊరికే చెప్పుకునే మాట కాదు. తోళ్ల కర్మాగారాల మురుగు ఈ నదిని, దాని పక్కన బావులను ఏం చేసిందో అందరికీ తెలుసు. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక దానిమీద సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఆగస్టు 28న తీర్పు వచ్చింది. కలుషితం చేసినవాడే నష్టం భరించాలి అనే సూత్రం ఈ దేశపు చట్టంలో భాగమేనని ఆ తీర్పులోనే కోర్టు చెప్పింది. ఈనాడు దేశమంతటా న్యాయ విద్యార్థులు చదువుకునే ఆ కేసు పేరులో మన ఊరి పేరుంది. కాఫీ బాగాలేదని మాస్టరును తిట్టే ముందు, అతని డ్రమ్ములోకి ఏ నీళ్లు వస్తున్నాయో కూడా ఒకసారి అడగడం న్యాయం.

ఇంతవరకు గిన్నెలో ఉన్నదాన్ని గురించి చెప్పాను. ఇక తాగేవాళ్ల సంగతి. వేలూరులో, గుడియాత్తంలో కాఫీ అంగళ్లకు వచ్చేవాళ్లు ఒకే రకం కాదు. 1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఈనాడు సి.ఎం.సి. ఆస్పత్రి. దాని ఎదుటి వీధుల్లో చిత్తూరు, పలమనేరు నుంచి వచ్చిన మనవాళ్లు ఎంతమందో, బెంగాలు నుంచి, అస్సాం నుంచి, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవాళ్లూ అంతగానే కనబడతారు. అంగడి బోర్డుల మీద బెంగాలీ అక్షరాలు చూస్తాము. ఆపరేషను గది బయట రాత్రంతా మేలుకొన్న మనిషికి మన డబరా కాఫీ గొప్పతనం అక్కర్లేదు. అతనికి కావలసింది వేడిగా ఏదో ఒకటి, కూర్చోవడానికి బల్ల, తన మాట అర్థమయ్యే మనిషి. అలాంటివాళ్లు ఒక అంగడిని "బాగుంది" అంటే అది కాఫీని గురించి కాదు. "అరగంట కూర్చున్నా లెమ్మనలేదు" అని దాని అర్థం.

గుడియాత్తంలో సంగతి వేరు. లుంగీలు నేసేవాళ్లు, అగ్గిపెట్టెల పనికి, బీడీ పనికి పోయేవాళ్లు రోజూ ఒకే అంగడికి, ఒకే వేళకు వస్తారు. చాలామందికి అక్కడ ఖాతా పుస్తకం ఉంటుంది. వారానికో, కూలి చేతికొచ్చిన రోజుకో తీరుస్తారు. బాకీ ఉన్నవాడు కాఫీ బాగాలేదనడు! ఎంత నీళ్లగా ఉన్నా తాగి, మీసం తుడుచుకొని పోతాడు. అంగడివాడు దాన్ని మెప్పు అనుకుంటే మోసపోయినట్టే. బాకీ తీర్చిన మరునాడు ఆ మనిషి ఎదురంగడిలో కనబడతాడు. నోటితో చెప్పిన అభిప్రాయం కంటే కాళ్లు చెప్పిన అభిప్రాయం గట్టిది.

అసలు నోరు తెరిచి చెప్పే అవకాశమే లేకపోయినవాళ్ల మాట కూడా చెప్పాలి. ఒకప్పుడు మన పక్క పల్లెల్లో చాలాచోట్ల అంగడిలో రెండు రకాల గ్లాసులుండేవి. ఊరివాళ్లకు ఒకటి, దళితులకు ఒకటి. వాళ్లు తాగి, తామే కడిగి, చూరులోనో గోడ మీదనో పెట్టిపోవాలి. కాఫీ ఎలా ఉందని వాళ్లనెవరడిగారు? రాజ్యాంగంలోని 15వ అధికరణ అంగళ్లలోకి, హోటళ్లలోకి ప్రవేశం అందరి హక్కు అన్నది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, హోటళ్లలో జనం వాడకానికి ఉంచిన పాత్రల పేరే ఎత్తింది. ఆ పాత్రలు వాడనివ్వకపోవడం నేరమన్నది. 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మారింది. పట్నాలు మాత్రం ఏం తక్కువ? మద్రాసు తిరువల్లిక్కేణిలో మురళీ కేఫ్ బోర్డు మీది బ్రాహ్మణ అనే మాట తీయించడానికి 1957లో పెరియార్ అనుచరులు నెలల తరబడి ఆందోళన చేయవలసి వచ్చింది. ఒక లోటా కాఫీ కోసం ఇంత జరిగింది.

2020లో కరోనా వచ్చినప్పుడు స్టీలు గ్లాసులు పోయి అందరికీ కాగితం కప్పులు వచ్చాయి. అందరికీ ఒకే కప్పు అయింది కదా అని సంతోషించినవాళ్లున్నారు. అయితే ఆ కప్పు లోపల సన్నటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. 2019 జనవరి 1 నుంచి తమిళనాడులో నిషేధించిన వస్తువుల్లో ఆ పూత కప్పులూ ఉన్నాయి. నా మటుకు నాకు స్టీలు గ్లాసే మంచిదనిపిస్తుంది, వేన్నీళ్లతో కడిగి అందరికీ ఒకే వరుసలోంచి తీసి ఇస్తే. ఒకరికి స్టీలూ మరొకరికి కాగితమూ ఇచ్చే అంగడిలో మాత్రం, ఎవరికి ఏది ఇస్తున్నారో కాస్త కనిపెట్టి చూడండి.

చివరగా ధర. 2024లో, 2025 మొదట్లో ప్రపంచ మార్కెట్టులో కాఫీగింజల ధర ఎన్నడూ లేనంత పెరిగింది. బ్రెజిల్‌లో వానలు లేకపోవడం, వియత్నాంలో పంట దెబ్బతినడం దానికి ముఖ్యకారణాలు. బ్రెజిల్‌లో వాన పడకపోతే గుడియాత్తం బస్టాండు అంగడివాడికి ఎందుకు దిగులు? అతను కొనే పొడి ధర ఆ మార్కెట్టుతో పాటే కదులుతుంది గనుక. అతని ముందు నాలుగు దారులుంటాయి. ధర పెంచడం, గ్లాసు చిన్నది చేయడం, చికోరీ పెంచడం, పాలలో నీళ్లు పోయడం. మొదటిది చేస్తే గిరాకీలు ఎదురుగా గొణుగుతారు. తక్కిన మూడూ చేస్తే ఎవరూ ఏమీ అనరు. నాలుగు నెలల తర్వాత మాత్రం "ఆ అంగడి రుచి పోయింది" అనుకుంటూ ఒక్కొక్కరే జారుకుంటారు. ధర పెంచినప్పుడు చాక్‌పీసుతో బోర్డు మీద రాసి, ఎందుకు పెంచాడో అడిగినవాళ్లకు చెప్పే మాస్టరంటే నాకు గౌరవం. రెండు రోజులు మాట పడతాడు, అంతే.

గిరాకీలుగా మనం చేయగలిగిందీ కొంత ఉంది. చక్కెర సంగతి తాగిన తర్వాత కాదు, పోయకముందే చెప్పాలి. "బాగాలేదు" అంటే మాస్టరుకు ఏమీ తెలియదు. "పాలు పల్చగా ఉన్నాయి", "డికాషను పాతది" అంటే తెలుస్తుంది. తమిళంలో చెప్పినా తెలుగులో చెప్పినా మన అంగళ్లలో అర్థమవుతుంది. మొదటి డికాషను ఏయే వేళల్లో దిగుతుందో కూడా అడగండి. దాచకుండా చెబుతారు. మా మలుపు అంగడిలో అది తెల్లవారి అయిదుకు ఒకసారి, సాయంత్రం నాలుగుకు ఒకసారి. బ్యాంకు పని మీద వచ్చే ఆమెకు ఈ సంగతి చెప్పాను. బ్యాంకు నాలుగుకు మూస్తారు కదా సార్, అంతసేపు ఎవరు కూర్చుంటారు అన్నది.