కనుమ వెళ్లాక అండోరా

మంచుకొండలకు కుటుంబంతో వెళ్దామని ఎవరైనా మా ఆఫీసుకు వస్తే నేను ముందు అడిగేది ఒకటే: "మీ ఇంట్లో స్కీలు కట్టుకోనివాళ్లు ఎవరండీ?" హోటలు, టికెట్టు, వీసా అన్నీ ఆ తరవాతే.

మాది అమలాపురంలో చిన్న టికెట్ల ఆఫీసు. వచ్చేవాళ్లలో ఎక్కువమందివి కువైట్, మస్కట్, దోహా టికెట్లు. రాజోలు, మలికిపురం వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి "ఈసీఆర్ ఉందేమో చూడమ్మా" అంటారు, అంటే వలస అనుమతి కావాలన్న ముద్ర. ఆ బల్ల మీదికి అండోరాని తెచ్చింది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే ఒక బాబాయిగారు. కూతురు లండన్‌లో ఉంటుంది. ఆవిడ పిల్లలు బడి తరఫున వెళ్లి స్కీయింగ్ నేర్చుకున్నారు, ఈసారి తాతయ్యా అమ్మమ్మా కూడా రావాల్సిందేనని పట్టుబట్టారు. "స్విట్జర్లాండ్ అంటే పాటల్లో చూశాం. ఈ అండోరా ఏంటమ్మా, ఏ దేశంలో ఊరది?" అన్నారాయన.

ఊరు కాదండీ, దేశమే. ఫ్రాన్స్‌కీ స్పెయిన్‌కీ మధ్య పిరనీస్ కొండల్లో ఇరుక్కున్న 468 చదరపు కిలోమీటర్ల దేశం. జనం లక్ష కూడా లేరు, ఒక్క రాజోలు నియోజకవర్గం ఓటర్లే అంతకంటే ఎక్కువ. 1278లో కుదిరిన ఒప్పందం ప్రకారం దానికి ఇద్దరు ప్రభువులు. ఒకరు స్పెయిన్ వైపున్న ఉర్జెల్ బిషప్పు, రెండోవారు ఫ్రాన్స్ వైపున్న ఫ్వా ప్రాంతపు కౌంటు. ఆ కౌంటుగారి వాటా తరాలు మారి ఫ్రాన్స్ రాజులకీ, రాజులు పోయాక అక్కడి అధ్యక్షుడికీ వచ్చింది. అంటే ఫ్రెంచివాళ్లు ఓట్లేసి గెలిపించిన మనిషి పక్కదేశానికి ప్రభువు. వాళ్ల రాజ్యాంగం 1993లో వచ్చింది. భాష కాటలాన్, ఖర్చుపెట్టేది యూరోలు. దేశం మొత్తంలో రైలు లేదు, విమానాలు దిగే చోటూ లేదు. రైలు లేదన్న మాట వినగానే బాబాయిగారికి ఆ దేశం మీద అభిమానం పుట్టుకొచ్చింది. కోటిపల్లి–నర్సాపురం లైను కోసం ఏళ్లుగా కళ్లు కాయలు కాచేలా చూస్తున్నవాళ్లం కదా మరి.

ఇక అసలు చిక్కు వీసాలో ఉంది. అండోరా విడిగా వీసా ఇవ్వదు. ఒకే వీసా చెల్లే షెంజెన్ దేశాల కూటమిలోనూ అది లేదు. కానీ స్పెయిన్ మీదుగానో ఫ్రాన్స్ మీదుగానో తప్ప లోపలికి వెళ్లే దారి లేదు, ఆ రెండూ షెంజెన్ దేశాలే. బార్సిలోనాలో దిగి బస్సెక్కి అండోరాలోకి అడుగుపెట్టారంటే లెక్క ప్రకారం షెంజెన్ నుంచి బయటికి వెళ్లిపోయినట్టే. తిరుగు ప్రయాణంలో మళ్లీ స్పెయిన్‌లోకి రావడం రెండో ప్రవేశం. అందుకే వీసా స్టిక్కరు చేతికి రాగానే ఫొటో ఎలా ఉందని కాదు, ఎంట్రీల గడి చూడాలి. అక్కడ 01 అని ఉంటే లోపలికి వెళ్లినవాళ్లు కాగితం ప్రకారం ఆ కొండల్లోనే ఉండిపోవాలి. 02 అనో, మల్ట్ అనో ఉండాలి. దరఖాస్తులోనే ఆ మాట అడిగి, అండోరా హోటలు బుకింగు కూడా జతచేసి, ఎందుకు అడుగుతున్నామో కవరింగ్ లెటర్లో రెండు ముక్కలు రాస్తాను నేను.

పెద్దవాళ్లకు వీసా ఫీజు 90 యూరోలు, వీసా కేంద్రం వాళ్ల సర్వీసు చార్జీ వేరే. వేలిముద్రలకు హైదరాబాద్ వెళ్లాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలని నియమం. అయితే మామూలు ప్రయాణ బీమాల్లో చాలావి స్కీయింగ్ దెబ్బలకు వర్తించవు. శీతాకాలపు క్రీడలకు విడిగా కవరు తీసుకోవాలి, హద్దులు గీసిన బాట దాటి వెళ్తే అది కూడా చెల్లదేమో చదువుకోవాలి. బీపీ, షుగరు ఉన్న సంగతి దాచి పాలసీ తీసుకునేవాళ్లకు నేను చెప్పేదేముంది, క్లెయిము రోజున వాళ్లే చెబుతారు.

ఎప్పుడు వెళ్లాలన్న ప్రశ్నకు మన పండగే జవాబు చెప్పింది. అక్కడ మంచు సీజను సుమారు డిసెంబరు మొదలు నుంచి ఏప్రిల్ దాకా. క్రిస్‌మస్, కొత్త సంవత్సరం రోజుల్లో గదుల రేట్లు మండిపోతాయి. ఫిబ్రవరి వస్తే ఇంగ్లండ్, ఫ్రాన్స్ బడి సెలవులు, కొండంతా పిల్లలే. ఈ రెండు రద్దీల మధ్య జనవరి రెండో సగం ఖాళీగా ఉంటుంది, మంచు బాగుంటుంది, ధర తగ్గుతుంది. కోనసీమవాళ్లు సంక్రాంతికి ఊరు వదలరు, జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడకుండా బాబాయిగారు అసలు కదలరు. కనుమ వెళ్లిన మర్నాడు బయల్దేరితే సరిగ్గా ఆ ఖాళీలో పడతారు. లండన్ మనవలకు అప్పుడు బడి ఉంటుంది కాబట్టి ఆ పంచాయితీ మాత్రం వాళ్లమ్మకే వదిలేశాను.

హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో బార్సిలోనా వెళ్లొచ్చు. అక్కడి విమానాశ్రయం నుంచే అండోరాకు బస్సులున్నాయి, మూడు గంటల పైమాట. ఫ్రాన్స్‌లోని తులూజ్ నుంచి కూడా దూరం ఇంచుమించు అంతే. కానీ ఆ దారి ఎన్వలీరా కనుమ మీదుగా వెళ్తుంది. కనుమ ఎత్తు 2,408 మీటర్లు, కింద సొరంగం ఉన్నా మంచు ఎక్కువ కురిస్తే అక్కడిదాకా వెళ్లే రోడ్డే మూసేస్తారు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు స్పెయిన్ దారే నయం.

ఇప్పుడు బస. ఇక్కడే నా మొదటి ప్రశ్న పనికొస్తుంది. స్కీ బాగా వచ్చినవాళ్లు గ్రాన్‌వలీరా బాటల పొడవు చూసి ఊరు ఎంచుకుంటారు. అది 200 కిలోమీటర్ల పైచిలుకు బాటలున్న పెద్ద ప్రాంతం, దానికి చాలా ఊళ్ల నుంచి ద్వారాలున్నాయి. ఫ్రాన్స్ సరిహద్దులోని పాస్ ద లా కాసాలో దుకాణాలు, హడావుడి ఎక్కువ. చెట్టు మొలవని ఎత్తు కావడంతో గాలి కొడితే ఆపేది ఉండదు. సోల్దేవు 1,800 మీటర్ల దగ్గరుంది. 2019లోనూ 2023లోనూ ప్రపంచ కప్ స్కీ ఫైనల్స్ అక్కడా, పక్కనున్న ఎల్ తార్తెర్‌లోనూ జరిగాయి. నేను సోల్దేవుకే ఓటేశాను, కారణం ప్రపంచ కప్ కాదు. ఊరి మధ్యలోంచి గొండోలా ఎక్కితే పైన ఎస్పియోలెత్స్ అనే చదును వస్తుంది. కొత్తవాళ్లకు పాఠాలు చెప్పేది అక్కడే. నడిచే మనుషులకు విడిగా టికెట్టు ఉంటుంది. పిన్నిగారు గొండోలాలో పైకెళ్లి, వేడి చాక్లెట్ పట్టుకుని ఎండలో కూర్చుని, మనవలు పడడం లేవడం కళ్లారా చూడొచ్చు. ఆవిడకి విసుగొస్తే బస్సులో కిందికి దిగితే ఎస్కాల్దెస్‌లో కాల్దేయా ఉంది, వేడినీటి ఊటలతో 1994లో తెరిచిన పెద్ద స్నానశాల. రాజధానిలో దుకాణాలు సరేసరి. అక్కడి అమ్మకం పన్ను సాధారణంగా 4.5 శాతమే. సెంట్లు, ఫోన్లు చవకని సంచులు నింపేస్తారేమో, వెనక్కి స్పెయిన్‌లోకి వచ్చేటప్పుడు కస్టమ్స్ పరిమితులున్నాయి, ఆపి చూస్తారు కూడా.

బాబాయిగారు మాత్రం స్కీ కట్టుకుంటానన్నారు. కట్టుకోనివ్వండి, కాకపోతే మనవల దగ్గర నేర్చుకోవద్దన్నాను. మాస్టారి దగ్గర గుంపుగా నేర్చుకునే పాఠాలు మామూలుగా రోజుకు మూడు గంటల చొప్పున ఐదు రోజులు ఉంటాయి, ఇంగ్లీషులో చెప్పేవాళ్లు దొరుకుతారు. స్కీలు, బూట్లు, హెల్మెట్టు అన్నీ అక్కడ అద్దెకిస్తారు. కొనాల్సిన పని లేదు.

బూట్ల దగ్గర తొందరపడకూడదు. స్కీ బూటంటే గట్టి ప్లాస్టిక్ డిప్ప, లోపల మెత్తటి తొడుగు, పైన బకిల్స్. సైజు మన చెప్పుల నెంబరులో ఉండదు, పాదం పొడవు సెంటీమీటర్లలో చెబుతారు. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు తగలాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. మడమ పైకి లేచిందంటే బూటు వదులన్నట్టు. చలికి భయపడి రెండు జతల మేజోళ్లు వేసుకుంటారు మనవాళ్లు. రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, పొడవాటి ఊలు మేజోళ్లు ఒక్క జత చాలు. స్కీకి బూటుని పట్టి ఉంచే బైండింగుని మీ బరువు, ఎత్తు, వయసు, నేర్పు అడిగి బిగిస్తారు. పడ్డప్పుడు స్కీ ఊడిపోవాలి, ఊడకపోతే మోకాలు తిరుగుతుంది. కనక బరువు దగ్గర బడాయి వద్దు.

వానాకాలంలో చేలగట్టు మీద జారుతుంటే ఒళ్లు వెనక్కి వాల్చి నిలదొక్కుకుంటాం. స్కీల మీద ఆ అలవాటే పడేస్తుంది. వెనక్కి వాలారంటే స్కీలు అదుపు తప్పి ముందుకు పారిపోతాయి. మోకాళ్లు వంచి ముందుకు వాలి, స్కీల ముందు కొసలు దగ్గరకీ వెనక కొసలు దూరంగానూ పెట్టి తోస్తే వేగం తగ్గుతుంది. మొదటి రోజంతా ఇదే పాఠం. బాటలకు రంగులుంటాయి: ఆకుపచ్చ అన్నిటికంటే సులువు, తరవాత నీలం, ఎరుపు, చివర నలుపు. ముందు వెళ్తున్నవాళ్లకే దారి హక్కు, వెనకనుంచి వచ్చేవాళ్లే తప్పుకోవాలి.

తిండి సంగతి పిన్నిగారే అడిగారు. అక్కడి వంటల్లో మాంసం ఎక్కువ. క్యాబేజీ, బంగాళాదుంప కలిపి చేసే త్రిన్షాత్ చూడ్డానికి శాకాహారంలా ఉంటుంది గానీ అందులోనూ పంది మాంసం వేస్తారు. వంటిల్లున్న అపార్ట్‌మెంటు తీసుకోవడం మేలు. సోల్దేవు ఎత్తులో నీళ్లు సుమారు 94 డిగ్రీలకే మరుగుతాయి, అన్నం మామూలు గిన్నెలో త్వరగా ఉడకదు. చిన్న కుక్కరు పట్టుకెళ్లాలి. బియ్యం, కందిపొడి, ఆవకాయ సరే, పాలు, నెయ్యి, మాంసం బయటి దేశాల నుంచి ఐరోపా కూటమిలోకి తేవడానికి వీల్లేదు. నెయ్యి తగిలిన ఆత్రేయపురం పూతరేకులతో పేచీ ఎందుకని వద్దన్నాను, ఆవిడ మొహం చిన్నబోయింది. పళ్లకు మామూలుగా ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, మినహాయింపు ఐదింటికే: అనాస, డూరియన్, ఖర్జూరం, అరటి, కొబ్బరి. ఈ చివరి రెండు పేర్లు వినగానే బాబాయిగారు గల్లాపెట్టె దగ్గర కూర్చున్నప్పటిలా ధీమాగా కుర్చీలో వెనక్కి వాలారు.

ఫోను గురించి ఒక్క మాట. ఐరోపా రోమింగ్ ప్యాకుల్లో అండోరా చాలాసార్లు ఉండదు, బిల్లు వాచిపోతుంది. ప్యాకు జాబితాలో ఆ దేశం పేరు చూసుకునే కొనండి.

ఇంత దూరం, ఇంత ఖర్చు ఎందుకనుకునేవాళ్లకు ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉంది, కశ్మీర్‌లో గుల్మార్గ్ ఉంది, రెండుచోట్లా నేర్పుతారు. అయితే మంచు ఏ వారం పడుతుందో నమ్మకం తక్కువ, తేదీలు అటూ ఇటూ జరపగలిగినవాళ్లకే అవి నప్పుతాయి.

వచ్చే కనుమకి వెళ్దామనుకునేవాళ్లు వినాయక చవితి వెళ్లగానే కాగితాలతో రండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, శీతాకాలం దగ్గరపడేకొద్దీ అపాయింట్‌మెంట్లు దొరకవు. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తరవాత ఇంకో మూడు నెలలైనా గడువుండాలి. షెంజెన్ బయటి దేశాల్లో ఉన్న పిల్లలు మన పాస్‌పోర్టు మీదే ఉంటే వాళ్లకీ ఈ వీసా కావాలి, కాకపోతే వాళ్లున్నచోటే దరఖాస్తు వేసుకోవాలి. ఐటీ రిటర్ను, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చుకోండి. కొబ్బరి లావాదేవీలన్నీ నోటి మాట మీదా నోట్ల కట్టల మీదా నడిపేవాళ్లు ఈ వేసవి నుంచైనా కాస్త ఖాతాలో వేయడం మొదలుపెట్టండి బాబూ.