చలికాలమున గ్రామరక్షణము – సహకార సంఘముల కర్తవ్యము

మార్గశిరమున మాటలాడ ప్రొద్దుండదనియు, పుష్యమున పూసగ్రుచ్చ ప్రొద్దుండదనియు మన పెద్దలు చెప్పుదురు. పగలు కురుచయై రాత్రి పొడవగు ఈ రెండు మాసములే రైతునకు మిక్కిలి పనిగల కాలము. వరి కోతలు, కుప్పనూర్పులు, ప్రత్తితీతలు, చెఱకు నఱకుట, దాళ్వా నారుమళ్లు అన్నియు ఒక్కమాఱే వచ్చి పడును. తెల్లవాఱుజామున లేచి పొలమునకు పోవువారును, రాత్రియెల్ల కళ్లమున కావలి పండుకొనువారును ఈ దినములలోనే ఎక్కువ.

తుపాను వచ్చుచున్నదనిన ఊరంతయు మేల్కొనును. దండోరా వేయుదురు; ధాన్యము కప్పుదురు; పల్లపు ఇండ్లవారిని మెరకకు చేర్తురు. చలి అట్టిది గాదు. అది చప్పుడు చేయక వచ్చి, ఎవరి తలుపులు వారు మూసికొనిన పిమ్మట లోపల తన పని చేయును. అందుచేత దానివలన కలుగు కీడు ఊరికి ఆలస్యముగా తెలియును. ఈ విషయమును సభ్యుల దృష్టికి తెచ్చుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గత శీతకాలమున మా గ్రామమున జరిగిన సంగతి మొదట చెప్పెదము. మా పాలకేంద్రమునకు ప్రతిదినము కోడికూతవేళకు పాలు తెచ్చు అవ్వ ఒకతె కలదు. వానయైనను, పండుగయైనను ఆమె రాక తప్పెడిది కాదు. ఒకనాడు ఆమె రాలేదు. పాలు కొలుచు కుఱ్ఱవాడు రెండుమాఱులు బాటవంక చూచి, మనసొప్పక, ప్రక్కయింటి మనిషిని పంపెను. అతడు పోయి చూడగా దొడ్డిలో గేదె అఱచుచున్నది. తలుపు లోపల గడియ వేసియున్నది. పిలిచినను పలుకు లేదు. నలుగురు చేరి తలుపు ఊడదీసిరి. అవ్వయు, ఆమె మనుమలిద్దఱును మంచములపై స్మృతిలేక పడియుండిరి. గది మూలను ఇనుపబేసినులో బొగ్గులు ఇంకను ఎఱ్ఱగనే యుండెను.

వారిని వెంటనే వాకిటిలోనికి మోసికొనివచ్చి, 108 బండిని పిలిపించిరి. ముగ్గురును బ్రదికిరి. కాని ఆ ఉదయమున పాలకేంద్రములో ఆ లోటు గుర్తించినవాడు లేకుండినచో ఏమగునో ఎవరికి వారే ఊహించుకొనవచ్చును.

బొగ్గులు మండునపుడు గాలి చాలినంత లేనిచో విషవాయువు పుట్టును. దానిని కార్బను మోనాక్సైడు అందురు. దానికి రంగు లేదు, వాసన లేదు, కన్నులను మండింపదు. పొగ లేదు గనుక భయము లేదని మనము తలంతుము. నిజమునకు పొగలేని నిప్పే మూసిన గదిలో మిక్కిలి మోసకరము. మన రక్తము ప్రాణవాయువుతో కలియు దానికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువుతో కలియును. అందువలన మనిషి ఊపిరి పీల్చుచునే యున్నను ప్రాణవాయువు ఒడలికి అందదు. మొదట తలనొప్పి, తరువాత తలతిరుగుట, వాంతి, కాళ్లు పట్టుతప్పుట, పిదప మగత వచ్చును. నిదురలో నున్నవానికి ఈ గుర్తులేవియు తెలియవు. ఇంటనున్న వారందఱకును ఒక్కసారి తలనొప్పి పట్టినచో అది పైత్యమని త్రోసివేయక, తక్షణమే బయటికి రావలెను.

కావున కుంపటి గాని, బొగ్గుల బేసిను గాని, నెగడు గాని, పంపుసెట్టు యింజను గాని, జనరేటరు గాని మూసిన గదిలో ఉంచరాదు. చలి కాచుకొనుట వాకిటిలోనో, పంచలోనో కావలెను. పండుకొనబోవు ముందు బొగ్గులపై నీరు చల్లి పూర్తిగ ఆర్పి బయట పెట్టవలెను. ఎవరైన స్మృతిదప్పియున్నచో మొదట తలుపులు కిటికీలు తెఱచి, వారిని బయటి గాలిలోనికి చేర్చి, 108కి గాని 112కి గాని ఫోను చేయవలెను. బయటికి వచ్చిన తరువాత తేఱుకొన్నను ఆసుపత్రికి పోక మానరాదు. వారికి ప్రాణవాయువు పట్టించుటయే చికిత్స. ఉల్లిపాయ వాసన చూపుట, నోట నీరు పోయుట వలన కాలము వ్యర్థమగును. స్మృతిలేనివాని నోట పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి పోవుటయు కలదు.

ఇక చలి స్వయముగా చేయు కీడును గూర్చి. మన దేశమున చలి ఏపాటిదని కొందఱందురు. చింతపల్లి మండలములోని లంబసింగి సుమారు వేయి మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట కొన్ని రాత్రులు సున్న డిగ్రీల దరిదాపులకు దిగును. ఆదిలాబాదు ప్రాంతమున 5 డిగ్రీలకు దిగువకు పోయిన సంవత్సరములు కలవు. మైదానములలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు గాని అంతకు తక్కువ గాని యై, మామూలుకంటె నాలుగున్నర డిగ్రీలు తగ్గినచో వాతావరణశాఖవారు దానిని చలిగాలులుగా ప్రకటింతురు. కాని చలి బాధ డిగ్రీలను బట్టి మాత్రమే యుండదు. తడిసిన బట్టతో, ఖాళీ కడుపుతో, కప్పు సరిగాలేని యింట పండుకొనువానికి అంత చలి అక్కఱలేదు.

వృద్ధులకును, పసిబిడ్డలకును ఒడలివేడిమి త్వరగా తగ్గును. అది 35 డిగ్రీలకు దిగువకు పోయినచో ప్రాణాపాయము. మొదట వణకు పుట్టును, తరువాత మాట తడబడును, మగత కమ్మును. వణకు ఆగినది గదా, కుదుటపడినాడు గదా యని సంతసింపరాదు. వణకుచున్నవాడు వణకుట మాని మందముగా నున్నచో స్థితి మఱింత చెడినదని తెలియవలెను. అట్టివానికి తడిబట్టలు తీసివేసి, పొడిబట్టలు తొడిగి, రొమ్మును తలను కంబళితో కప్పి, తెలివియున్నచో వెచ్చని పాలు త్రాగింపవలెను. కాళ్లు చేతులు గట్టిగ రుద్దుటయు, మంటకు చేరువగ కూర్చుండబెట్టుటయు తగవు. సారా త్రాగినచో ఒడలు వెచ్చబడునను నమ్మకము మిక్కిలి చెఱుపు చేయుచున్నది. మద్యమువలన చర్మమునకు రక్తమెక్కి వెచ్చగ తోచును గాని, ఆ వేడియంతయు బయటికి పోయి లోపలి శరీరము చల్లబడును. కళ్లము కావలివారు దీనిని ముఖ్యముగా గమనింపవలెను.

చలికి నరములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. రక్తపుపోటు, గుండెజబ్బు గలవారు ప్రొద్దుపొడిచిన పిదపనే పొలమునకు పోవుట మేలు. సంక్రాంతి పనులలో పడి మాత్రలు మానరాదు. అప్పుడే పుట్టిన బిడ్డకు మొదటిదినము స్నానము చేయింపక, తల్లి రొమ్మునకు ఒడలు తగులునట్లు హత్తించి, ఇద్దఱను కలిపి కప్పుట శ్రేయస్కరమని వైద్యులు చెప్పుదురు.

మూడవ అపాయము మంచు. ఆకాశము నిర్మలముగ నుండి, గాలి కదలక, నేల తడిగానున్న రాత్రులలో నేల చల్లబడి, దానిపైనున్న తేమ మంచుగా కమ్మును. కాలువలక్రింది పల్లములలో ఇది ఎక్కువ. సూర్యోదయమునకు ముందువెనుకలనే మిక్కిలి దట్టముగ నుండును. ఆ వేళకే మన ధాన్యపు ట్రాక్టర్లు, చెఱకుబండ్లు, కూలీల ఆటోలు బాట పట్టును. వెనుక దీపములేని ట్రక్కు మంచులో నిలిచియున్న గోడ వంటిది. ప్రతి బండికిని వెనుక ఎఱ్ఱని, ముందు తెల్లని, ప్రక్కల పసుపుపచ్చని మెఱయుపట్టీలు అంటింపవలెను. ఎడ్లబండికిని ఇది అవసరమే. బండి చెడినచో బాటమీద నిలుపక ప్రక్కకు దింపి, వెనుక దూరముగ గుర్తు పెట్టవలెను. మంచు విడువనిచో ఒక గంట ఆగుదము; మార్కెటు యార్డు ఎచ్చటికిని పోదు.

కళ్లములో కావలివారు వేయు నెగడు గడ్డివామికి గాలివాటున ఉండరాదు. తెల్లవాఱి లేచి పోవునపుడు నీరు పోసి ఆర్పవలెను. నిప్పంటుకొన్నచో 101కి చెప్పవలెను. దూడలను తడినేలపై కట్టక, పొడిగడ్డి పఱచి, గోనెసంచి కప్పి, గాలి వచ్చువైపున తడిక కట్టిన చాలును. దోమలకని మూసిన కొట్టములో పొగవేయుట పశువులకును కీడే. పశువులకు జబ్బు చేసినచో 1962కి ఫోను చేసి సంచార పశువైద్యశాలను పిలువవచ్చును.

ఇంతవఱకు చెప్పినదంతయు ఎవరి యింట వారు చేసికొనదగినది. కాని మా అవ్వ సంగతి నేర్పు పాఠము వేఱు. ఆమెకు కుంపటి సంగతి తెలియదు, చెప్పినవారు లేరు. ఆమెను బ్రదికించినది ఆమె జాగ్రత్త గాదు. ఆమె రాలేదని గుర్తించిన ఒక కుఱ్ఱవాడు. అతని చేతనున్న సాధనము పాలలెక్కల పుస్తకము. అట్టి పుస్తకములు ప్రతి సంఘమునను కలవు. ఏ యింట ఎందఱున్నారో, ఏ వృద్ధుడు ఒంటరిగా నున్నాడో, ఏ యింటి కొడుకులు పట్టణమునకు వలసపోయినారో మన కార్యదర్శులకును, సభ్యులకును తెలియని సంగతి గాదు. ఆ యెఱుకను అప్పుల వసూలునకు మాత్రమే వినియోగింపనేల?

కావున ప్రతి సంఘమును మార్గశిరము నడుమనే ఈ క్రింది పనులు చేయవలెనని కోరుచున్నాము.

మొదటిది, ఒంటరిగా నుండు వృద్ధుల, బాలింతల, దీర్ఘరోగుల పట్టిక వ్రాసి, ఒక్కొక్క యింటికి ప్రక్కయింటి సభ్యునొకనిని బాధ్యునిగ నియమింపవలెను. అతని పని ఒక్కటే. ప్రొద్దున ఆ తలుపు తెఱచినదా లేదా యని చూచుట. సభ్యత్వము లేని కూలివారి యిండ్లును ఈ పట్టికలో చేరవలెను. ఆశా కార్యకర్తతో కలిసి దీనిని వ్రాసినచో లోటుండదు.

రెండవది, వాతావరణశాఖవారి సూచనలను సంఘ కార్యాలయపు పలకమీద పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. రైతులకు వ్యవసాయ వాతావరణ సలహాలు మంగళ, శుక్రవారములలో వెలువడుచున్నవి; 2019లో వచ్చిన మేఘదూత్ అను ఫోను సాధనమునందును అవి దొరకును. పసుపు, నారింజ, ఎఱుపు హెచ్చరికల భేదమును సభ్యులకు విడమఱచి చెప్పవలెను.

మూడవది, గిడ్డంగి మూలనున్న టార్పాలిను పట్టాలను లెక్కచూచి, చినిగినవి కుట్టించి సిద్ధముగ నుంచవలెను. అవి మంచునుండి ధాన్యమును కాపాడును. కప్పు కారు గుడిసెకును పనికివచ్చును. పొదుపునుండి కొన్ని కంబళులును, కట్ట మెఱయుపట్టీలును కొనియుంచినచో అప్పుగా నిచ్చి, చలి పోయిన పిదప కంబళులు తిరిగి తీసికొనవచ్చును.

నాలుగవది, 108, 112, 101, 1962 సంఖ్యలను తలుపుమీద వ్రాయింపవలెను. రాత్రి ఫోను లేనివాడు ఎవరి తలుపు తట్టవలెనో గూడ వ్రాయవలెను.

ఇది సంఘము పనియా, పంచాయతీ పనియా యని అడుగువారుందురు. మన దేశమున 1904 నాటి చట్టము పరపతి సంఘములకే దారి చూపినది. 1912 నాటి చట్టముతో ఇతర ప్రయోజనములకును సంఘములు పెట్టుట సాధ్యమైనది. 1995లో మాంచెస్టరు నగరమున సమావేశమైన అంతర్జాతీయ సహకార సమితి, సంఘము తన చుట్టునున్న సమాజపు మేలు కోరవలెనని ఏడవ సూత్రముగా అంగీకరించినది. ఆ నగరమునకు సమీపముననున్న రాచ్‌డేలు పట్టణమున 1844 డిసెంబరు 21వ తేదీన, సంవత్సరములో కెల్ల పగలు చిన్నదియగు దినమున, ఒక సహకార దుకాణము తెఱవబడెను. వారికడ నున్న సరకు వెన్న, పంచదార, గోధుమపిండి, ఓటుపిండి, కొన్ని కొవ్వొత్తులు మాత్రమే. పేద నేతగాండ్రు మున్నగువారు చలిచీకట్లలో ఒకరికొకరు తోడైన కార్యమే నేటి మన సంఘములకు మూలము.

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వుట తెలివి గాదు. చలి ముదిరిన పిదప కంబళులు వెదకుటయు అట్టిదే. శివరాత్రికి చలి శివశివా యనుచు తానే పోవును. అది పోవు దినమున మన పట్టికలోని ప్రతి యింటి తలుపును తెఱచియుండవలెను. పాలకేంద్రమునకు వచ్చు వరుసలో ఒక్కరును తగ్గియుండరాదు. మా అవ్వ నేటికిని అందఱికంటె ముందుగ వచ్చుచున్నది. ఆమె బేసిను ఇప్పుడు వాకిటిలో నున్నది.