పైపు మారాలంటే మీ స్థలం కావాలట!

మండవల్లి స్టేషన్‌లో రైలు దిగి కాస్త దూరం నడిస్తే చేపల చెరువు గట్టో, డ్రెయినో కనిపిస్తుంది. నేలంతా బల్లపరుపు. విజయవాడ మురుగులో కొంత బుడమేరులో పడి కొల్లేటికే వస్తుంది. ఏలూరు డ్రెయిన్ల దారీ ఇటే. అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి. పైనున్న ఊళ్లు పైపులు బాగుచేసుకోకపోతే ఆ కంపు భరించేది మనమే.

పైపు పాడవడం అంటే పగలడమే కాదు. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పైపు పైభాగంలో ఉండే బ్యాక్టీరియా సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది. అది కాంక్రీటును లోపల్నుంచి తినేస్తుంది. ఒకరోజు రోడ్డు కుంగేదాకా పైన ఎవరికీ తెలియదు.

మరి కొత్తది వేయాలంటే? మా సాఫ్ట్‌వేర్ వాళ్లు పాత సర్వర్ నడుస్తుండగానే పక్కన కొత్తది పెట్టి ట్రాఫిక్ అటు మళ్లిస్తారు. మురుగుకూ అంతే, ఒక్కపూట కూడా ఆపలేం. కానీ క్లౌడ్‌లో జాగా అద్దెకు దొరుకుతుంది, ఊళ్లో పక్క జాగా ఎవరిదో ఒకరిది. పైగా నీరు వాలుకే పోతుంది, ఇల్లు అడ్డొచ్చిందని చుట్టూ తిరగదు. మన డెల్టాలో ఆ వాలూ తక్కువే, కాబట్టి పంపింగ్ స్టేషన్ కావాలి. దానికీ స్థలం కావాలి.

హైదరాబాద్ ఈ కథ ఎప్పుడో చూసింది. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. 2000 ఆగస్టులో మళ్లీ ఊరు మునిగాక నాలాలు వెడల్పు చేయాలని కిర్లోస్కర్ కమిటీ చెప్పింది. అప్పటికే నాలాల మీద ఇళ్లు లేచిపోయాయి. 2021లో నాలాల అభివృద్ధి పథకం పెట్టినా చిక్కు అక్కడే, స్థలం దగ్గరే.

ప్రభుత్వం తీసుకుంటే ఏమిస్తుంది? 2013 భూసేకరణ చట్టం ప్రకారం పట్టణంలో మార్కెట్ విలువ 10 లక్షలైతే, దానికి 100 శాతం సొలేషియం కలిపి 20 లక్షలు. మధ్యకాలానికి మార్కెట్ విలువ మీద ఏటా 12 శాతం అదనం. పల్లెల్లో మార్కెట్ విలువను ముందే 1 నుంచి 2 మధ్య అంకెతో గుణిస్తారు. అభ్యంతరం చెప్పడానికి 60 రోజులు. 2024 మేలో కోల్‌కతా కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు, నోటీసు, వాదన వినడం, కారణాలతో నిర్ణయం, న్యాయమైన పరిహారం లాంటివి లేకుండా ఆస్తి తీసుకోవడం కుదరదని చెప్పింది.

డబ్బుకు బదులు టీడీఆర్ బాండ్లు ఇస్తామంటే మాత్రం కాగితం రెండుసార్లు చదవండి. మన పక్కనే తణుకులో ఆ బాండ్ల మీద ఎంత గొడవైందో తెలిసిందే.

అసలు స్థలం మొత్తం తీసుకోవాలా? గోదావరి జిల్లాల్లో గ్యాస్ పైపులు పొలాల కింద నుంచి వెళ్తున్నాయి. పైన భూమి రైతుదే. 1962 చట్టం వాడుక హక్కు మాత్రమే తీసుకుని, మార్కెట్ విలువలో 10 శాతం ఇమ్మంటుంది. కానీ అది పెట్రోలియం, ఖనిజాల పైపులకే, మురుగుకు కాదు. నాకైతే మురుగుకూ అలాంటిదొకటి ఉండాలనిపిస్తుంది, 10 శాతం మరీ తక్కువనుకోండి.

నోటీసొస్తే ఆ 60 రోజుల్లో మూడు అడగండి. పాత పైపులోకి కెమెరా పంపి చూశారా? తవ్వకుండా లోపల కొత్త పొర వేస్తే సరిపోదా? రోడ్డు అంచున దారి ఎందుకు కుదరలేదు? జవాబులు రాతలో తీసుకోండి.